గోడ దాటి వచ్చిన చుక్కలు

పట్టపగలే కారుచీకటి కమ్మిన వేళ అది! నడినెత్తిన వెలగాల్సిన సూర్యుణ్ణి కాలమేఘాలు మింగేశాయి... ఉరుము ఉరిమినప్పుడల్లా ఆ పాత మేడ కిటికీ రెక్కలు పళ్ళు కొరుకుతున్నట్టు కటకటలాడుతున్నాయి... కానీ మేడ లోపలి చీకటిగదిలో కూర్చున్న ఆమెకు ఒక్క మెరుపైనా కనిపించదు. అక్కడ ఎర్రబల్బు కూడా వెలగకూడదు. పరారుణ ఫిలిం కడిగే గది అది! కంటికి అందని వెలుగును సైతం పసిగట్టే ఆ ఫిలింకు గాఢాంధకారం తప్ప మరేదీ గిట్టదు.

పాత వర్ణచిత్రాల పైపూత అడుగున దాగిన తొలి గీతలను ఆ ఫిలిం మీదికి రప్పించడం ఆమె వృత్తి. పగలంతా చీకట్లోనే మసలుతుందని, పటాలు బాగుచేసే మేస్త్రీ ఆమెకు 'గూబ' అని పేరు పెట్టాడు. అది అక్క నోట పడి ముద్దుపేరైంది. ఇప్పుడు ఆ ముద్దుపేరుతో పిలిచేవాళ్ళే లేరు.

కొంతకాలంగా అక్క అక్కలా లేదు... చీకటిగదికి తూర్పున ఉన్న పడకగదిలో వెల్లకిలా పడి, రెప్ప వేయకుండా పైకప్పుకేసి చూస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి "వద్దు! నన్ను పిలవొద్దు!" అని పరాయి గొంతుతో కెవ్వుమంటుంది. వైద్యులు చేతులెత్తేశారు. చుట్టాలు గడప తొక్కడం మానేశారు. ఇంట్లో ఇద్దరున్నా గూబ ఒక్కతే అన్నం తినేది. నిద్ర రాకపోతే ఒక్కతే గోడలతో కబుర్లు చెప్పుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిలిం మీద మచ్చలు మొదలయ్యాయి. ఆవగింజల్లాంటి నల్లటి చుక్కలు!

"బొమ్మేదో మచ్చేదో తెలిసి చావట్లేదమ్మా," అన్నాడు మేస్త్రీ, ఆమె మొహంలోకి చూడలేక. "ఇలాగైతే పని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

ఆ పనీ పోతే అక్కకు మందు ఎక్కణ్ణించి వస్తుంది?

దుమ్మేమోనని గది కడిగింది. నలకలేమోనని నీళ్ళు మరగబెట్టి వడకట్టింది. ఫిలిం కడిగే మందులో బుడగలేమోనని తొట్టిని కుదుపుతూ ఫిలిం ఆడించింది. మచ్చలు తగ్గకపోగా మరింత ముదిరాయి... చివరికి ఈ ఉరుముల మధ్యాహ్నం కెమెరా మొహం ఎరగని కొత్త ఫిలింలోంచి రెండు ముక్కలు కత్తిరించింది. ఒకదాన్ని రేకు డబ్బాలో దాచింది. రెండోదాన్ని పడమటి గోడ పక్కన బల్లమీద పరిచి కాసేపు ఆగి, రెండింటినీ కడిగి దీపం ముందు పట్టుకుంది.

డబ్బాలోది మచ్చలేకుండా ఉంది. బల్లమీది దాని నిండా చుక్కలు! ఆ చుక్కలు గుంపులు కట్టి... రెండు కంటి గుంటలు... ఒక ముక్కు తొర్ర... వికృతంగా ఇకిలించిన పలువరస...

కపాలం!!

ఆమె చప్పున పడమటి గోడవైపు తిరిగింది. పడమటి గోడంటే గోడేం కాదు, నల్లరంగు పూసిన పలుచటి చెక్కపలక. దానిలోంచి కంటికి పిసరంత వెలుగైనా రాదు. కానీ కంటికి కనిపించని వెలుగుకు అదొక అడ్డమా? పలక అవతల అద్దాలు అరగదీసే మనిషి అద్దెకుంటాడు. పెళ్ళాం పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట కలపని మెతకమనిషి.

గూబ ఒక పెద్ద రేకు తెచ్చి పలకకు ఆనించింది. మరుక్షణం పడకగదిలోంచి నీరసమైన పిలుపు...

"గూబా... కాసిని మంచినీళ్ళియ్యవే."

అక్క గొంతు! గ్లాసు పట్టుకుని పరిగెత్తింది. అంతలోనే పలక వెనుక మంత్రోచ్చారణ ఘోషలా లేచింది... రేకు భళ్ళున నేలకూలింది! అక్క మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది. కళ్ళల్లో ఎవరో వేరే మనిషి!

"ఎవరు నువ్వు?"

"వాడి పెళ్ళాన్ని... చచ్చినా వదలట్లేదు. మీ అక్క ఒంట్లో దూరమంటున్నాడు. రానంటే ఆ వెలుగుతో తోస్తున్నాడు. ఆ పుర్రెలో నిప్పు ఆర్పెయ్యి తల్లీ! నన్ను పోనివ్వు!"

గూబ ఫిలిం కడిగిన నీళ్ళ బకెట్టు ఎత్తుకుని పక్కవాటా తలుపు ఒక్క తన్ను తన్నింది.

బూడిద వలయం నడుమ, సన్నటి రంధ్రాలు తొలిచిన కపాలం! దాని గర్భంలో భగభగలాడే నిప్పుకణికలు! ఆ పుర్రెకు చుట్టి అక్క తలవెంట్రుకలు! ఎదురుగా రుధిర నేత్రాలతో... ఆ మెతకమనిషే!

"ఆగక్కడే!" గర్జించాడు. "ఇది ఆరిందో, మీ అక్క ఊపిరీ ఆరుతుంది!"

బకెట్టు గాల్లో ఆగిపోయింది. అబద్ధం కావచ్చు... నిజమూ కావచ్చు.

అతని గొంతు హఠాత్తుగా పగిలింది. "పలకరించే దిక్కులేక పిచ్చెక్కిపోతోంది నాకు. ఒంటరితనం ఎట్లా ఉంటుందో నీకు తెలీదా? నా మనిషిని నన్ను తెచ్చుకోనీ!"

తెలుసు. అందుకే ఆమె చెయ్యి సగం దిగింది కూడా. అప్పుడు గోడల అవతలి నుంచి గుండెలు చీల్చే ఆక్రందన... "రానన్నానుగా!"

గూబ కళ్ళు మూసుకుని బకెట్టు గుమ్మరించింది.

ఫెళ్ళున కపాలం బద్దలైంది! తెల్లటి ఆవిరి సుడులు తిరుగుతూ లేచి స్త్రీ ఆకారం దాల్చింది. "వచ్చావా!" అంటూ అతను చేతులు చాచి ఎదురెళ్ళాడు. ఆమె ఆగలేదు... తల తిప్పి చూడలేదు... అతని గుండెలోంచి దూసుకుని కిటికీ దాటి వానలో కలిసిపోయింది. ఆమెను బంధించిన మంత్రశక్తి సమస్తం తెగిన కొరడాలా అతని మీదికే తిరగబడింది! చాచిన చేతులు చాచినట్టే ఉండగా, వేళ్ళ కొసల నుంచి మొదలై నిలువెల్లా బూడిదై రాలిపోయాడు!

గూబ పడకగదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అక్క కదలడం లేదు. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టింది. ఏమీ తగల్లేదు... ఇంకాస్త దగ్గరగా పెట్టింది... వెచ్చగా, సన్నగా తగిలింది.

"ఆవిడ వెళ్ళిపోయిందా?" కళ్ళు తెరవకుండానే అడిగింది అక్క.

"వెళ్ళిపోయింది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"హమ్మయ్య," అని అక్క ఒక పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. గూబ తడి చీరతోనే ఆ చోట్లో ఒదిగి పడుకుని, వాన చప్పుడును మించి బావురుమంది.