నాలుగో విల్లా నిద్ర

"మెల్లగా నమలండి దానయ్య గారూ. మీరలా మింగేస్తే నాలుగో విల్లాలో ఆయనకి వెన్న రుచి అందడం లేదు" అంది డాక్టర్ హైమవతి, చేతిలో ఉన్న తెర మీద గీతలు చూస్తూ.

సూరాడ దానయ్య మెల్లగా నమిలాడు. పొద్దున్నుంచి అది నాలుగో లాబ్‌స్టర్. మొదటిది ఒకటో విల్లా కోసం తిన్నాడు, రెండోది ఆరో విల్లా కోసం, మూడోది పదకొండో విల్లాలో భార్యాభర్తలిద్దరి కోసం. ఒడ్డున బల్ల, బల్ల మీద తెల్లటి గుడ్డ, ఎదురుగా నీలంగా సముద్రం.

"చాలమ్మా. ఇంకో ముక్క పెడితే కక్కేస్తాను. అది కూడా ఆయనకి అందుతుందేమో చూసుకోండి" అన్నాడు.

హైమవతి నవ్వి తెర ఆపేసింది.

అండమాన్ సముద్రంలో నీలాంబరి అనే ఆ దీవికి వచ్చే గెస్టులు ఈదరు, పడవెక్కరు, ఇసకలో నడవరు. ఆ కాలానికి భూమ్మీద ఎండ బాగా ముదిరిపోయింది. పావుగంట ఒళ్ళు చూపిస్తే అలవాటు లేని చర్మం పొక్కుతుంది. పైగా గెస్టులంతా పెద్ద పెద్ద కంపెనీలు నడిపి నడిపి అలిసిపోయినవాళ్ళు. ఏసీ విల్లాల్లో కళ్ళు మూసుకుని పడుకుంటారు. వాళ్ళ బదులు దానయ్యలాంటివాళ్ళు ఈదుతారు, పారాసెయిలింగ్ చేస్తారు, నూనె పెట్టి ఒళ్ళు పట్టించుకుంటారు, తింటారు.

ఇదంతా ఫీల్‌బ్యాండ్ చేసే పని. అదేం మాయ కాదు. ఉప్పు నాలుక మీద వేసుకుంటే, ఉప్పగా ఉందని తెలిసేది నాలుకకి కాదు, మెదడుకి. నాలుక కబురు పంపుతుంది, అంతే. చర్మమైనా, కండరమైనా అంతే. నుదుటికి కట్టుకున్న ఫీల్‌బ్యాండ్ ఆ కబురుకి నకలు తీసి, విల్లాలో పడుకున్న మనిషి నుదుటి మీదున్న ఇంకో బ్యాండ్‌కి పంపుతుంది. దానయ్య ఒళ్ళు రేడియో స్టేషన్, గెస్టు మెదడు రేడియో సెట్టు. ఒక చిక్కుంది. ఒక ఒంటికి ఇంకో మెదడు శ్రుతి కలవాలంటే మూడు వారాలు పడుతుంది. అందుకే గెస్టులు రావడానికి నెల ముందే తమ మనిషిని ఎంచుకుని, బ్యాండ్ తెప్పించుకుని ఇంటి దగ్గరే శ్రుతి కలుపుకుంటారు.

కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు ఎక్స్‌పీరియన్స్ అసోసియేట్. చేసేవాళ్ళు మాత్రం తమని 'ఒళ్ళిచ్చినోళ్ళు' అనుకుంటారు. పది మంది. ఇదివరకు మనిషి రెక్కలు అమ్ముకుంటే చాలేది. ఇప్పుడు నాలుక కూడా అమ్ముకోవాలి, సంతోషం కూడా అమ్ముకోవాలి. సంతోషపడకపోతే ఊరుకోరు. మొన్నొకసారి పారాసెయిలింగ్‌లో ఆకాశాన ఉండగా, సముద్రం కోసుకుపోయిన తన ఇల్లు గుర్తొచ్చింది దానయ్యకి. తొమ్మిదో విల్లా ఆవిడ ఎందుకో తెలియకుండానే గంటసేపు ఏడ్చి, కంప్లయింట్ రాసింది.

భావనపాడు తీరంలో ముప్పై ఏళ్ళు చేపల వేటకెళ్ళిన మనిషి దానయ్య. ఊరు నీళ్ళలో కలిసిపోయాక భార్య తవిటమ్మతో ఈ దీవికి వచ్చాడు. ఆవిడకి లాండ్రీలో పని. రోజు మొత్తంలో దానయ్యకి తనదంటూ మిగిలింది మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి గంటసేపు. బ్యాండ్ తీసేసి, లాండ్రీ వెనక నీడలో తవిటమ్మ పక్కన కూర్చుని, కాల్చిన ఎండు చేపతో గంజి తాగి, పాత తెరచాప గుడ్డ మీద ఒళ్ళు వాలుస్తాడు.

ఆ వారంలోనే తప్పు జరిగింది. గెస్టుల్ని దీవికి తెచ్చే స్పీడ్‌బోటు ఇసకలో కూరుకుపోయింది. క్రేను రావాలంటే రెండు రోజులు. దానయ్య తలకి తుండు చుట్టి, మిగతా తొమ్మిది మందినీ కేకేసి, ఐలెస్సా అంటూ రెండు గంటలు లాగి బోటుని నీళ్ళలో పడేశాడు. ఎన్నాళ్ళకో ఒళ్ళు విరిగే పని. వేటగాడికి తుండు ఒంట్లో భాగమే, ఎక్కడికెళ్ళినా తలకే ఉంటుంది. ఆ తుండు కింద బ్యాండ్ ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఆ పూట అది నాలుగో విల్లాకి కలిపి ఉంది. గంజి తాగి పడి నిద్రపోయాడు.

నాలుగో విల్లాలో పెద్దాయనకి సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పదకొండేళ్ళుగా మాత్ర లేనిదే కన్ను మూతపడని మనిషి. ఆ మధ్యాహ్నం ఆయన నోరు తెరుచుకుని గురక పెట్టాడు. లేచాక గంజి కావాలని ఏడ్చాడట.

సాయంత్రానికల్లా ఆ మాట అన్ని విల్లాలకీ పాకింది. మర్నాడు లాబ్‌స్టర్ ఎవరూ అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం హైమవతి లాండ్రీ వెనక్కి వచ్చి, ఇసకలో దానయ్య ఎదురుగా కూర్చుంది.

"వాళ్ళకి మీ నిద్ర కావాలంట" అంది.

"సముద్రం ఇచ్చాను, తిండి ఇచ్చాను, ఆకాశం ఇచ్చాను. ఇదొక్కటి నాది డాక్టరమ్మా."

"మీ నుంచి తీసుకునేదేం లేదండీ. నకలే కదా. మీ నిద్ర మీకు ఉంటుంది."

"మీరు పడుకునే గదిలో నలుగురు కుర్చీలేసుకుని కూర్చుంటే మీకు నిద్ర వస్తుందేటి?"

"డైవింగ్, మసాజ్ అన్నీ ఎత్తేస్తారట. ముందు నాలుగో విల్లాలో నిద్ర కుదిరితే మీ పది మందినీ నిద్ర పనికి మారుస్తారు. కుదరకపోతే పని లేదని వచ్చే స్టీమర్‌లో మిగతా తొమ్మిది మందినీ పంపేస్తామంటున్నారు. నేను చాలా చెప్పి చూశాను" అంది హైమవతి.

తవిటమ్మ గిన్నె కడుగుతూ అంది: "ఒప్పుకోవయ్యా. పడుకోడమే కదా. వలలు లాగమనలేదు కదా."

దానయ్య ఒప్పుకున్నాడు. పొద్దున ఖాళీ పడవని ఒడ్డుకి లాగించేవారు, మళ్ళీ నీళ్ళలోకి తోయించేవారు. మధ్యాహ్నం గంజి పోసి పడుకోమనేవారు. ఒళ్ళు నొప్పి పుట్టేది గానీ అలసట వచ్చేది కాదు. చేప లేని వల, వేటకి పోని పడవ. ఎందుకు లాగుతున్నాడో ఒంటికి తెలిసిపోతుంది. కళ్ళు మూసుకుంటే, తన కళ్ళ వెనక ఇంకొకాయన కూడా కళ్ళు మూసుకుని ఉన్నాడన్న ధ్యాసే. అయిదు రోజులు కునుకు లేదు. నాలుగో విల్లాలో పెద్దాయన కూడా అయిదు రోజులు కప్పుకేసి చూస్తూ పడుకుని, స్టీమర్ ఎప్పుడొస్తుందో అన్న బెంగ తనకెందుకు పట్టుకుందో తెలియక మేనేజర్ మీద కేకలేశాడు.

ఆరో రోజు హైమవతి మళ్ళీ వచ్చింది. ఆమె కళ్ళ కింద కూడా నల్లగా ఉంది.

"ఒక దారి ఉంది. మీకు నచ్చదు" అంది.

"చెప్పండి. ఇప్పుడు నచ్చుతున్నదేటి గనక."

"మీ ఆవిడ రోజూ మీ పక్కనే పడుకుని హాయిగా నిద్రపోతుంది. ఆ నిద్రని ముందు మీకు అందించి, మీ నుంచి ఆయనకి పంపొచ్చు. ఆయన మెదడు మీ ఒంటికే శ్రుతి కలిసింది, నేరుగా ఆవిడతో కలపాలంటే మూడు వారాలు. మీ ఇద్దరికి మాత్రం ఒక్క రోజు చాలు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే కుండలో గంజి తాగిన ఒళ్ళు కదా."

"దానితో చెప్పొద్దంటారు."

"చెబితే మీలాగే అవుతుందండీ. లాండ్రీ వాళ్ళందరికీ వేడి తగలకుండా కొత్త టోపీలు ఇస్తున్నాం. బ్యాండ్ అందులో ఉంటుంది."

దానయ్యకి కోపం రావాలి. వచ్చేంత ఓపిక లేదు. స్టీమర్ రేపు సాయంత్రం. తొమ్మిది మంది మొహాలు కళ్ళ ముందున్నాయి. అన్నిటికంటే ముందు, పచ్చి నిజం చెప్పాలంటే, అతనికి నిద్ర కావాలి. తలూపాడు.

మర్నాడు ఒకటిన్నరకి తవిటమ్మ, ముందురోజే ఇచ్చిన కొత్త టోపీతో వచ్చి, గంజి తాగి, తెరచాప గుడ్డ మీద పక్కకి తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో ఊపిరి నిదానించింది. దానయ్య ఒళ్ళంతా బరువెక్కింది. సబ్బునీళ్ళలో నానిన వేళ్ళు, ఇస్త్రీ పెట్టి లాగిన భుజాలు, ఒక్కొక్కటిగా వదులయ్యాయి. ఆ వెనకే కుడి మోకాలిలో గేలం గుచ్చుకున్నట్టు కలుక్కుమంది. ఒకసారి కాదు, ఊపిరి తీసిన ప్రతిసారీ. ఆ నొప్పి మీద నిద్రపోవడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటుతోనే అతనూ నిద్రపోయాడు.

లేచాక తన మోకాలు నిమురుకున్నాడు. తనది బాగానే ఉంది.

"ఒలే, నీ మోకాలు ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"నీకెవరు చెప్పినారు?" అని ఆశ్చర్యపోయింది తవిటమ్మ. "పిల్ల పుట్టినప్పటి నుంచి. ఇరవై ఏళ్ళు దాటింది. చెప్తే ఏటి చేస్తావు? 'ఊ' అని పడవెక్కి పోతావు."

నాలుగో విల్లా పెద్దాయన మూడింటికి కంప్లయింట్ రాశాడు: నిద్ర అద్భుతం. కానీ కుడి మోకాలు భరించలేకపోయాను. వెంటనే సరిచేయించండి.

నాలుగున్నరకల్లా పోర్ట్‌బ్లెయిర్ నుంచి స్పీడ్‌బోటు మీద ఎముకల డాక్టరు దిగాడు. తవిటమ్మని పరుపు మీద పడుకోబెట్టారు. అరిగిన గుజ్జు బదులు కొత్త గుజ్జు ఎక్కించారు. రెండు రోజులు కాలు కింద పెట్టనివ్వలేదు, పళ్ళరసాలు పట్టించారు. ఇరవై ఏళ్ళ నొప్పి ఒకాయనకి ఒక్క గంట తగిలేసరికి వైద్యం నీళ్ళ మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

స్టీమర్ ఆ తొమ్మిది మందినీ ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. మూడో రోజు తవిటమ్మ లాండ్రీ నుంచి ఇసకలో చకచకా నడుచుకుంటూ వచ్చింది.

"చూసినావా! ఎవరూ చెప్పకుండానే నా మోకాలు కనిపెట్టినారు. కంపెనీ అంటే అదీ. నువ్వున్నావు, ఇన్నేళ్ళు పక్కన పడుకుని ఏటి లాభం?"

దానయ్య నోరు తెరిచాడు. చెబితే ఆవిడ నిద్ర పోతుంది. చెప్పకపోతే ఆవిడ నిద్ర వాళ్ళదైపోతుంది. నోరు మూసుకుని గంజి తాగాడు.

టోపీ తియ్యకుండానే ఆవిడ పక్కన వాలింది. కానీ కాళ్ళలో నొప్పి లేదు, రెండు రోజులు పని లేదు, ఒంట్లో ఉషారు. డాక్టరు కోటు గురించి చెప్పింది, పళ్ళరసం తీపి గురించి చెప్పింది, కొబ్బరాకుల సందులోంచి ఆకాశం ఎంత బాగుందో చూడమంది.

"పడుకోవే" అన్నాడు దానయ్య.

"రాదయ్యా. ఇవాళ నిద్రే రావడం లేదు" అని నవ్వింది.

దానయ్య కళ్ళు మూసుకున్నాడు. విల్లాలో పెద్దాయన కూడా మూసుకున్నాడు. అలిసిపోయిన ఆ ఇద్దరు మగాళ్ళూ, ఆవిడ మళ్ళీ ఎప్పుడు అలిసిపోతుందా అని ఎదురుచూస్తూ పడుకున్నారు.