బతిస్త్ చెప్పిన ధర

ఆ గురువారం పొద్దున బతిస్త్ మిఠాయి పెట్టె పట్టుకుని ఇంట్లోకి రాగానే, టమాటాలు కోస్తున్న రెమెయ్ కత్తి పక్కన పెట్టేసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆ పెట్టె ఊరికే తెచ్చింది లేదు. చిలగడదుంప ముద్ద పెట్టిన కజ్జికాయలు ఇంటికి వచ్చాయంటే, ఎవరిదో ఒక ఫ్యాక్టరీ ఆయన చేతికి వచ్చిందన్నమాటే.

“ఈసారి ఎవరి కొంప ముంచావయ్యా?” అంది.

“ముంచడమేంటే, మంచి మాటే రాదా నీ నోటికి? ఎంపార్‌ని రానీ. తల్లీకూతుళ్లిద్దరికీ కలిపి చెప్తా.”

ఒండా ఊళ్లో టైల్స్ పని తెలిసిన వాళ్లెవరిని అడిగినా బతిస్త్ సంగతి చెబుతారు. టైల్స్ మీద మెరుపు పూతలు, రంగు పొడులు తయారుచేయడం వాళ్ల నాన్న నాటి పని. తండ్రి ఒక్క కొలిమితో మొదలుపెట్టాడు. కొడుకు ముందు పక్క వీధి తెల్లపూత వాళ్లను కొన్నాడు, తర్వాత అల్కోరాలో పొడి కొట్టే మర కొన్నాడు, ఆ తర్వాత విలా-రెయల్‌లో భర్త పోయిన ఒకావిడ నడుపుకుంటున్న రంగుల ఫ్యాక్టరీ. బేరాలన్నీ భోజనాల బల్ల దగ్గరే తేలేవి. ఇంట్లో మాత్రం సంతకాలయ్యాక గాని నోరు విప్పేవాడు కాదు.

ఇంతలో టైల్స్ మీద యంత్రాలే బొమ్మలు అచ్చువేసే రోజులొచ్చాయి. వాటికి కావలసిన సిరాల గురించి ఆయనకు ఓనమాలు రావు. అందుకని ఇటలీ వాళ్లతో చెరి సగం కలిసి సిరా ఫ్యాక్టరీ పెట్టాడు. దాన్ని నిలబెట్టింది మాత్రం రసాయనశాస్త్రం చదివిన కూతురు ఎంపార్. పన్నెండేళ్లుగా ఆ ల్యాబే ఆమె లోకం.

రోజూలాగే పదింటికి ఎంపార్ తిండికని ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రొట్టె, గుడ్డట్టు, ఆలివ్ కాయలు బల్ల మీదున్నాయి. పక్కనే మిఠాయి పెట్టె.

“అమ్మో! ఎవరిని కొన్నావు నాన్నా?”

“నీకోసమే తల్లీ. సిరా ఫ్యాక్టరీ ఇక మొత్తం మనదే.”

ఎంపార్ చేతిలో రొట్టె చేతిలోనే ఆగిపోయింది. “ఇటలీ వాళ్లు వాటా అమ్మారా?”

“అమ్మక చస్తారా? నెల కిందట ధర రాసి పంపా. ఇవాళే ఆఖరి గడువు, కొంటామన్న జవాబు ఇంతవరకూ లేదు.”

“ధర నువ్వు చెప్పావా?” ఆమె గొంతు మారిపోయింది. “ఒప్పందంలో ఆ షరతు వాడావా నాన్నా?”

అన్నదమ్ములకు రొట్టె పంచేటప్పుడు ఒకడు కోస్తే రెండోవాడు ముక్క ఎంచుకుంటాడు చూడండి, ఆ షరతూ అంతే. విడిపోదామనుకున్నవాడు సగానికి ధర చెప్పాలి. ఆ ధరకు తన సగం అమ్మాలో, ఇతని సగం కొనాలో తేల్చుకునేది అవతలివాడు.

“ఎంత చెప్పావు?”

“తొంభై లక్షల యూరోలు.”

“మన సగమే దానికి రెండింతలు చేస్తుంది!”

“నాకు తెలీదా? అందుకే కదా చెప్పింది! కొనడానికి వాళ్ల దగ్గర డబ్బేదీ? టర్కీలో ఏదో ఫ్యాక్టరీ కొని చేతులు ఖాళీ చేసుకున్నారని మొన్నామధ్య ఆదివారం అన్నం తింటూ నువ్వే చెప్పావుగా.”

ఎంపార్ రొట్టె పళ్లెంలో పెట్టేసింది. అప్పుడే తలుపు గంట మోగింది. సంతకం పెట్టించుకుని పోస్టతను కవరు ఇచ్చి వెళ్లాడు. బతిస్త్ నిలబడే చదివాడు. చదవడం అయ్యాక కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు.

కూతురు ఆ కాగితం లాక్కుంది. మీరు చెప్పిన ధరకు మీ సగం మేమే కొంటున్నాం అని రాశారు. వాళ్ల వెనక ఒక జపాన్ కంపెనీ నిలబడిందట. రెండు వారాల్లో ఫ్యాక్టరీ అప్పగించాలి.

“సగం ధరకి…” అన్నాడు బతిస్త్.

“ధర సంగతి నాకెందుకు?” ఎంపార్ అరిచింది. “ల్యాబ్‌లో ఆ నీలం సిరా కుదరడానికి నాలుగేళ్లు నిద్ర మానుకున్నా. దాన్ని పణంగా పెట్టేముందు ఒక్క మాట అడగలేకపోయావా?”

“నీ పేరున రాసిద్దామనే కదమ్మా…”

“నాకివ్వడానికి నన్నడగక్కర్లేదా?”

రెమెయ్ ఏప్రాన్ అంచున కళ్లు తుడుచుకుంది. “చెడపకురా చెడేవు అని ఊరికే అన్నారా? విలా-రెయల్ ఆవిడ ఇంట్లోనూ ఆ రోజు ఇలాగే ఉండుంటుంది” అంది.

బతిస్త్ ఉన్నట్టుండి లేచాడు. “నువ్వక్కడ పని మానెయ్. కొత్తది పెడదాం. నువ్వు లేకుండా వాళ్లు ఒక్క చుక్క తీయలేరు.”

“నేను మానను నాన్నా. ఉండమని ఇందులోనే రాశారు. ఉంటాను.”

ఉత్తరం కంటే ఈ మాట గట్టిగా తగిలింది ఆయనకు. “వాళ్ల దగ్గరా? నా కూతురివై ఉండి?”

“వాటా నీది, పోయింది. పని నాది. పన్నెండేళ్లలో నా ల్యాబ్‌కి ఎన్నిసార్లొచ్చావో చెప్పు.”

బతిస్త్ లెక్కపెట్టబోయాడు. రిబ్బను కత్తిరించిన రోజు ఒకటి గుర్తొచ్చింది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు. ఎంపార్ తినకుండానే వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పదింటికి రావడమూ మానేసింది.

అప్పగింత అయిన నాలుగో రోజు ఆయన సిరా ఫ్యాక్టరీ దాకా నడిచి వెళ్లాడు. గేటు మీద పేరు మారింది. కాపలా గదిలో కొత్తావిడ ఆపింది.

“ఎవరు మీరు? ఏ కంపెనీ తరఫున?”

నలభై ఏళ్లలో ఆయన్ని ఈ ఊళ్లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. “ఏ కంపెనీ కాదమ్మా. ఎంపార్ వాళ్ల నాన్నని” అన్నాడు.

ఆవిడ గబుక్కున లేచి నిలబడింది. “ఎంపార్ గారి నాన్నగారా! ముందే చెప్పొద్దూ? కూర్చోండి, కూర్చోండి.”

ఎంపార్ తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చింది. “ఏమైంది? అమ్మకి బాగానే ఉందా?”

“బాగానే ఉంది.” ఆయన నేల చూపులు చూశాడు. “ఆ నీలం ఎలా చేశావో చూపిస్తావా తల్లీ? అడగకుండా వచ్చా. వీల్లేదంటే పోతా.”

ఎంపార్ కళ్లు నిండుతున్నా తుడుచుకోలేదు. “నిన్ను లోపలికి తీసుకెళ్లాలంటే పర్మిషన్ అడగాలి నాన్నా, ఇప్పుడు. కాస్త ఆగాలి మరి” అంది.

“ఆగుతా” అన్నాడు బతిస్త్. ఆగడం అలవాటు లేని ఆ మనిషి, కాపలా గది బల్ల మీద కూర్చుని, చొక్కా చేతితో కళ్లొత్తుకుంటూ, కూతురు పిలిచేదాకా ఆగాడు.