మూడో వరుస

ఉదయం 11:42కి రెండు వందల పద్నాలుగు గొంతులు మాయమయ్యాయి.

గొంతు ఆపరేషన్ తర్వాత ఇక మాట్లాడలేని రోగులవి. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి వాళ్ల మాటలు రికార్డు చేసి దాస్తుంది. తర్వాత వాళ్లు టైప్ చేస్తే చాలు, మెషీన్ వాళ్ల సొంత గొంతుతోనే పలుకుతుంది.

మూడో రోజు ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ గదిలో అడుగుపెట్టింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను వెనకాల ‘నిదానం మేడమ్’ అంటారు. సాయంత్రం ఐదింటిలోగా ఒకరిని అరెస్టు చేయమని పైనుంచి ఫోన్. ఆ ఒకరెవరో కూడా వాళ్లే తేల్చేశారు.

ఆ ఒకరు గోడ పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ల ప్రోగ్రామర్. నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి. పక్కనే రికార్డింగ్ మాస్టారు. తొమ్మిదేళ్లుగా ఆ గొంతులన్నీ పట్టింది ఆయనే. “ధైర్యంగా ఉండు తల్లీ” అంటూ ఆమె భుజం తడుతున్నాడు.

పెద్ద డాక్టర్ మాత్రం నిప్పులు కక్కుతున్నాడు.

“ఇంకేం కావాలండీ సాక్ష్యం? ఇదిగో చూడండి” అంటూ కంప్యూటర్ మీదికి వంగాడు.

“కీబోర్డు ముట్టుకోకండి” అంది ఇన్‌స్పెక్టర్.

ఘటన రోజు 12:05కే గదికి సీల్ వేశారు. స్క్రీన్ అప్పటి నుంచి అలాగే ఉంది. దాని మీద మూడు వరుసలు.

మొదటిది: గొంతులన్నీ కొత్త డిస్కులోకి కాపీ చెయ్యి. దాని కింద ఎర్రక్షరాలు, డిస్కు దొరకలేదని. రెండోది: పాతవన్నీ చెత్తబుట్టలో పడెయ్యి. మూడోది: చెత్తబుట్ట ఖాళీ చెయ్యి.

“కాపీ అవలేదని తెలిసి కూడా తుడిచేసింది. ముందురోజే సెలవు కోసం నాతో గొడవపడింది. ఇది కక్ష” అన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగింది.

“ఇవి రాసింది ఎవరు?”

“నేనే మేడమ్. ఇంట్లో రాసి, నాకు నేనే మెయిల్ పెట్టుకున్నాను.”

“11:42కి ఎక్కడున్నావు?”

“మెట్ల దగ్గర. అమ్మతో ఫోన్లో. 11:38 నుంచి 11:46 దాకా.”

“చూసినవాళ్లు?”

“ఎవరూ లేరు.”

“కంప్యూటర్?”

“తెరిచే వెళ్లాను. మెయిల్ కూడా. డిస్కు వైరు ఇంకా పెట్టలేదు, వచ్చాక పెడదామనుకున్నా.”

“ఫోన్ చెవిలో పెట్టుకుని చేత్తో తుడవకూడదా ఏం?” అన్నాడు డాక్టర్.

కాదనడానికి లేదు. ఆ పిల్లను చూస్తే ఇన్‌స్పెక్టర్‌కు జాలేస్తోంది. కానీ జాలి సాక్ష్యం కాదు. ఆమె స్క్రీన్‌ను మళ్లీ మొదటి నుంచి చదివింది. నడిచిన ప్రతి వరుస పక్కన టైము పడింది.

ఎర్రక్షరాలు 11:42:07. చెత్తబుట్టలో పడింది 11:42:07.

ఒకే సెకను. అంతలో తప్పు చదివి, కక్షతో తర్వాతి వరుస కొట్టగల మనిషి ఇంకా పుట్టలేదు.

“నువ్వయితే వీటిని ఎలా నడుపుతావు?”

“ఫైలుగా దాచి నడుపుతా. మొదటి వరుస తప్పితే అక్కడే ఆగిపోతుంది. రెండోదాకా పోదు.”

“ఈ విండోలోనే మూడూ ఒకేసారి పేస్ట్ చేస్తే?”

“దేని దారి దానిదే మేడమ్. ఒకటి బోర్లా పడ్డా, తర్వాతది నడిచిపోతుంది.”

ఇన్‌స్పెక్టర్ తన లాప్‌టాప్ తెరిచింది. ఏ హానీ లేని మూడు వరుసలు రాసి, ఒక్కొక్కరినీ పేస్ట్ చేయమంది.

అమ్మాయి అలవాటు కొద్దీ ముందు ఫైలు తెరిచింది. డాక్టర్ పేస్ట్ చేసి, ఎంటర్‌ను మూడుసార్లు మొట్టాడు.

మాస్టారు పేస్ట్ చేశాడు. వెంటనే రెండు చేతులూ బల్ల మీంచి పైకెత్తేశాడు. ఊపిరి బిగబట్టాడు. రెండు వరుసలు నడిచాయి. మూడోది అలాగే నిలబడింది.

“అయిపోయిందా మాస్టారూ?”

“అయిపోయిందమ్మా.”

“చేతులెందుకు ఎత్తారు?”

“అలవాటు. రికార్డింగ్ బటన్ నొక్కాక బల్ల తాకకూడదు. మైకులో చప్పుడు...”

ఆయన మాట అక్కడే ఆగిపోయింది.

“గొంతులు కొత్త డిస్కులోకి మార్చడం పన్నెండింటికల్లా అవ్వాలని డాక్టరుగారు అరుస్తున్నారు. పిల్ల మాట పడకుండా సాయం చేద్దామని, తెరిచి ఉన్న మెయిల్‌లోంచి ఆ మూడూ నేనే పేస్ట్ చేశా” అన్నాడు చివరికి. “నేను పట్టిన గొంతుల్ని నేనే చంపానని చెప్పడానికి నోరు రాలేదమ్మా.”

“మీరు చంపలేదు మాస్టారూ. మూడో వరుస పక్కన టైము చూడండి.”

లేదు.

“మెయిల్‌లో అదే ఆఖరి వరుస. పై రెండిటి చివరా ఎంటర్ పేస్టుతో పాటే పడింది, దీనికి మనిషి నొక్కితేనే నడుస్తుంది. మీరు చేతులెత్తేశారు. అది మూడు రోజులుగా అలా కాచుకుని కూర్చుంది. తెర మీద చూసి, నడిచిపోయిందని అందరం అనుకున్నాం.”

డాక్టర్ తన చేతి వంక చూసుకున్నాడు. ఇందాక అది ఎంటర్‌కు బెత్తెడు దూరంలో ఉంది.

అమ్మాయి మూడో వరుసను ఒక్కో అక్షరమూ చెరిపింది. చెత్తబుట్ట తెరిచింది. రెండు వందల పద్నాలుగు. మొదటిది నొక్కింది.

“ఒరేయ్ పెద్దోడా, గొడుగు తీసుకెళ్లరా. నానతావు.” ఎవరో ముసలావిడ గొంతు.

మాస్టారు భోరుమన్నాడు. “తల్లీ...” అంటూ చెయ్యి చాపాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

“మూడు రోజులు నా పక్కనే కూర్చుని ధైర్యం చెప్పారు మాస్టారూ” అంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండో గొంతు వినసాగింది.