అటక మీది చప్పుడు

తెల్లవారి కసువు చిమ్మకముందే సుష్మ నిచ్చెనెక్కి అటక మూలనున్న ఎలుకల కన్నం చూసింది. నిన్న సాయంత్రం గాజుపెంకులు కలిపి మెత్తిన సిమెంటును పచ్చిగా ఉండగానే ఎవరో పెరికేశారు. ఎలుకైతే కొరుకుతుంది గాని వేళ్ల గుర్తులు వదలదు కదా!

"అత్తా, ఇది ఎలకల పని కాదు," అంది పైనుంచే.

పొయ్యి దగ్గర బయమ్మ ఉలిక్కిపడి చేతిని కొంగులో దాచుకుంది. గాజుపెంకు గీసుకున్న వేలు ఇంకా మండుతోంది.

ఆమె గోడు ఎవరికి చెప్పుకోవాలి? పెనిమిటి ఎర్రన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు. తొలకరి ముంగారు వానలకు ముందు విత్తనం వేరుశెనక్కాయలు ఆయనే ఒలిచేవాడు. మిషనుకు వేస్తే పప్పు బద్దలై మొలక రాదని, అటక మీద గోనె పరుచుకుని ఒక్కొక్క కాయా వేళ్లతో చిట్లించేవాడు. టక్కు, టక్కు. ఆ చప్పుడు వింటూ ఆమె కింద సంగటి కెలికేది. ఆయన పోయాక ఇల్లు మూగబోయింది. ఒక సందెవేళ దీపం పెడుతుంటే పైన మళ్లీ అదే చప్పుడు! "వచ్చినావా?" అని అడిగింది బయమ్మ. చప్పుడు ఆగి, కాసేపటికి మళ్లీ మొదలైంది. ఎలుకలని తెలియదా అంటే తెలుసు. మనసు ఊరుకోవద్దూ! అప్పటినుంచి కొడుకూ కోడలూ ఆ కన్నానికి ఏది అడ్డం పెట్టినా, వాళ్ల కళ్లుగప్పి తీసేస్తూనే ఉంది.

ఇంతలో కొడుకు తేజ చేనినుంచి ఉత్సాహంగా వచ్చాడు.

"వానకు చేను బాగా నానింది. రేపు ఇత్తేకి గొర్రు కట్టాల. ఇత్తనం దించు సుష్మా."

అటక మీది మూటలు దించి విప్పితే సగానికి సగం ఉత్త గుల్లలే. తేజ తల పట్టుకుని కూలబడ్డాడు. సుష్మకు కోపం ఆగలేదు.

"నువ్వే పెరికినావు కదత్తా! యాదీ, చెయ్యి చూపించు. రేపు చేన్లో ఏం ఏయల్ల? ఈ గుల్లలు ఏయల్నా?"

"మీ మామ ఆడ ఉండాడే," అంది బయమ్మ. "సందేళ కాయలు ఒలుస్తాండాడు. దావ మూసేస్తే యాడికి పోతాడు?"

సరిగ్గా అప్పుడే పైన టక్కుమంది. తేజ కూడా తలెత్తి చూశాడు.

సుష్మ మాత్రం దోసెడు గుల్లలు తెచ్చి అత్త ఒడిలో పోసింది. ఈసారి గొంతు తగ్గింది.

"మామే ఒలిచింటే పప్పు మిగలల్ల కదత్తా. పప్పు యాడుండాది?"

బయమ్మ గుల్లలన్నీ వేళ్లతో కెలికింది. ఒక్క పప్పూ లేదు. ఆమెకు ఒకప్పటి కరువు గుర్తొచ్చింది. పసివాడు తేజ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే తాను విత్తనం మూటలో చెయ్యి పెట్టింది. ఎర్రన్న ఆ చెయ్యి పట్టుకుని తానూ ఏడ్చాడు గాని, గింజ తియ్యనివ్వలేదు. వెళ్లి బిడ్డ కోసం ఇల్లిల్లూ తిరిగి గంజి అడుక్కొచ్చాడు. తాను మాత్రం పస్తే పడుకున్నాడు.

"ఇత్తనం తినేటోడు కాదు మీ మామ," అంది బయమ్మ. "పైన ఉండేది ఆయప్ప కాదు. ఆయప్ప పోయినాడు."

ఎర్రన్న పోయిన రోజున కూడా రాని ఏడుపు ఆమెకు ఇప్పుడు వచ్చింది. సుష్మ ఆమెను పొదివి పట్టుకుంది.

తేజ అటకెక్కి ఎలుకలను బయటికి తోలాడు. సిమెంటు బయమ్మే కలిపి ఇచ్చింది.

"పెంకులు ఇంగా ఎక్కువెయ్యి నాయనా."

"మిగిలిన కాయలు పైచేనికి చాల్లేమ్మా," అన్నాడు తేజ. "కిందిచేన్లో కంది ఏద్దాం."

సందెవేళ బయమ్మ దీపం పెట్టి, అలవాటుగా చెవి పైకి పెట్టింది. ఏ అలికిడీ లేదు. సుష్మ ఆమె ముందు గోనె పరిచి మంచి కాయలు కుప్పపోసింది.

"మిషనుకు వద్దులే అత్తా," అంటూ ఒక కాయ చిట్లించింది.

టక్కు.

బయమ్మ చప్పున అటకవైపు చూసింది. తర్వాత కోడలి వేళ్లవైపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అట్ల కాదే, ముక్కు కాడ నొక్కల్ల. మీ మామ అట్లే ఒలిచేటోడు," అంటూ తానూ ఒక కాయ అందుకుంది.