పడని చెయ్యి

"ఏవండీ, మళ్ళీ మొదలైందండీ!"

శాలిని కేకకి రూబెన్ చేపల చెరువు గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఏడేళ్ళ కూతురు పెర్సిస్ తోటకూర కాడలా వేలాడిపోతోంది. కడుపులో పసరు తప్ప ఏమీ లేదు, అయినా వాంతులు ఆగవు! ఈమధ్య నెలనెలా ఇదే వరస... ప్రాణాలు తోడేసి, తగ్గాక ఏమీ ఎరగనట్టు ఆడుకుంటుంది.

"కన్నతల్లి చెయ్యే పడకపోతే ఎవరేం చేస్తారు!" అంది అత్తగారు నాగరత్నం. కోడలి చేతి అన్నం పిల్లకి పడటం లేదని ఏడాదిగా తనే కలిపి పెడుతోంది. నవమాసాలు మోసిన తల్లి బిడ్డకి ముద్ద పెట్టుకోవడానికి నోచుకోలేదు! అంతకన్నా నరకముంటుందా?

ఏలూరు ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, గదిలో లైట్లు ఆర్పించింది డాక్టరమ్మ. పరీక్షలన్నీ చూసి, నాగరత్నం మాటలూ విని మెల్లగా చెప్పింది. "ఇది విడతలు విడతలుగా వచ్చే వాంతుల జబ్బమ్మా. ఎవరి చేతి దోషమూ కాదు. నిద్ర చాలకపోయినా, కడుపు మాడినా వచ్చేస్తుంది. పాపని ఎప్పుడైనా పస్తుంచుతున్నారా?"

నాగరత్నం మొహం పాలిపోయింది. "పస్తు కాదండీ... నెల మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనకి నాతోపాటు కూర్చోబెడుతున్నానండీ. దీని జబ్బు తగ్గాలనే!"

"అప్పుడప్పుడూ వచ్చేదాన్ని మీరే నెలనెలా పిలుస్తున్నారండీ. వేళకి తిండి, నిద్ర, మందు తప్పకూడదు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది."



మళ్ళీ మొదటి శుక్రవారం వచ్చింది. పొద్దున్నే నాగరత్నం పప్పన్నం పళ్ళెం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టమ్మా."

శాలిని ముద్ద కలిపింది. పెర్సిస్ మొహం తిప్పేసుకుంది. "వద్దమ్మా! నీ చేత్తో తింటే నాకు వాంతులవుతాయంట..."

శాలిని గుండె చెరువైపోయింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నాగరత్నం వచ్చి కోడలి ముందు చతికిలబడింది. "ఆ ముద్ద నాకు పెట్టు."

"అత్తయ్యగారూ! ఇవాళ మీకు ఉపవాసం కదండీ!"

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. పెట్టమ్మా..."

పెళ్ళయిన నాటి నుంచి ఉపవాసం తప్పని మనిషి, కన్నీళ్ళతోపాటు ఆ ముద్ద మింగింది. "చూశావా అమ్మలూ? నాకేం కాలేదు. మీ అమ్మ చెయ్యి మంచిదే. నాన్నమ్మే తప్పు చెప్పింది!"

పెర్సిస్ నాన్నమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత భయంభయంగా, కొంచెమే నోరు తెరిచింది.

శాలిని చిన్న ముద్దే పెట్టింది.