లిస్టులో లేని ఇరవయ్యో మెషీన్

ఆమెకి సర్వరమ్మ అని పేరు పెట్టిందెవరో ఆఫీసులో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. పెట్టినవాడు వెటకారానికే పెట్టి ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కంపెనీ కంప్యూటర్లన్నింటినీ కంటికి రెప్పలా చూసుకున్న మనిషి కావడంతో వెటకారం మెల్లగా అరిగిపోయి, పేరు మాత్రం మిగిలింది.

సర్వర్ల విషయంలో ఆమె అభిప్రాయాలు గట్టివి. అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. కొనేటప్పుడు తళుకులు చూడొద్దంటుంది. రెండు పవర్ సప్లైలున్నదే కొనమంటుంది, ఒకటి చచ్చినా రెండోది మోస్తుంది కాబట్టి. కేబుల్‌కి రెండు చివర్లా చీటీ అంటించని వాడికి అన్నం పెట్టకూడదంటుంది. "తెరిచి చూసుకోని బ్యాకప్పూ, మూత తియ్యని కూరగిన్నే ఒకటే. లోపల ఏముందో దేవుడికే తెలియాలి" అని కొత్తగా చేరినవాళ్ళ చెవులు చిల్లులు పడేలా చెబుతుంది. అన్నింటికన్నా ముఖ్యమైన పాఠం ఇంకొకటుంది. అది ఆమెకి తన పాత మేనేజరు నేర్పింది.

ఎక్కడైనా ఎవరిదో తెలియని మెషీన్ కనబడితే బుర్ర బద్దలు కొట్టుకోకు. దాని నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్. వెళ్ళి ఫోన్ పక్కన కూర్చో. అది ఎవరికి కావాలో వాళ్ళే గోల పెడుతూ ఫోన్ చేస్తారు. మళ్ళీ పెట్టెయ్. ఎవరూ చెయ్యలేదా, అది ఎవరికీ అక్కర్లేదన్నమాట. తుక్కు బండి ఎక్కించెయ్.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు నిర్మానుష్యంగా ఉంది. కంపెనీ కొత్త బిల్డింగులోకి మారిపోయింది. రేపు పొద్దున్న తొమ్మిదికి ఈ పాత అంతస్తుకి కరెంటు ఆపేస్తారు. ఈలోగా సర్వర్ గదిలో ఉన్నవన్నీ ఆపి, విప్పి, ఖాళీ చేసి అప్పగించాలి. తోడుగా చెల్లెల్ని తీసుకొచ్చింది సర్వరమ్మ.

చెల్లెలిని ఇంట్లో చిట్టి అంటారు. అంటారు అనడమే గానీ, అనడానికి ఉన్నది అక్క ఒక్కతే. చిట్టికి ఆరేళ్ళున్నప్పుడు తల్లీతండ్రీ ఒకే ఏడాది పోయారు. అక్కకి అప్పుడు పద్దెనిమిది. జడలు వేసి, బడికి పంపి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని పెంచింది. ఈ ఇద్దరికీ మూడో మనిషంటూ లేరు. అక్కకి ప్రాణం ఎక్కడుందంటే చిట్టి దగ్గరే ఉంది.

చిట్టి గాజు గోడ అవతల హాల్లో, బల్ల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. చిట్టి నోటికి మూత లేదు. ఉదయం బస్సులో జరిగిన తగాదా చెప్పుకుపోతోంది. ఇవతల అక్క ఒక్కో సర్వర్‌నీ ఆపుతోంది.

సర్వర్ గదిలో ఎప్పుడూ హోరు ఉంటుంది. ఒక్కో మెషీన్ ఆగుతుంటే ఆ హోరు ఒక్కో పొరగా ఊడిపోతూ వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో తన ఊపిరి తనకి వినబడటం అదే మొదటిసారి. ఏసీ ఆపేశారేమో, వెచ్చబడిన దుమ్ము వాసన, కాలీ కాలని ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగులుతున్నాయి. కిటికీలు లేని గది. బయట ఎండో వానో తెలియదు.

పంతొమ్మిదోది ఆపి లిస్టులో టిక్కు పెట్టింది. లిస్టు అయిపోయింది.

హోరు అయిపోలేదు.

సర్వర్లు పేర్చిన ఇనుప రాక్ అట్టడుగున, అర వెనక, నల్లటి మెషీన్ ఒకటి సన్నగా కూస్తోంది. కంపెనీ పేరు లేదు, చీటీ లేదు, నంబరు లేదు. వెనక రెండు పవర్ తీగలు, ఒకే ఒక్క నెట్‌వర్క్ కేబుల్. ఆ కేబుల్ దగ్గర చిన్న పచ్చ దీపం గబగబా కొట్టుకుంటోంది. అంటే ఎవరో దీన్ని వాడుతున్నారు.

"ఇన్నేళ్లూ నా కళ్ళేం కాకులెత్తుకుపోయాయా?" అని తనని తానే తిట్టుకుంది సర్వరమ్మ. స్క్రీన్ తగిలించి చూసింది. నల్లగా ఉంది. ఇంకేం చేస్తుంది? పాత పాఠమే. కేబుల్ పీకింది.

వెళ్ళి గోడకున్న ఫోన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"…అప్పుడు నేనన్నాను కదా, బాబూ, ముందు నీ కాలు…" అంటూ హాల్లో చిట్టి ఆగిపోయింది.

మా తల్లి ఇప్పటికి అలిసిపోయిందనుకుని అక్క నవ్వుకుంది. రెండు నిమిషాలు గడిచాయి. ఈ ఆఫీసులో మనుషులే లేరు, ఎవరు చేస్తారులే అనుకుంటుండగానే ఫోన్ మోగింది. ఉలిక్కిపడి తీసింది.

"హలో?"

అవతల గాలి చప్పుడు. తర్వాత ఆడో మగో పోల్చుకోలేని గొంతు, గుసగుసగా. "తీశారా?"

"ఆ, తీశానండి. ఎవరు మాట్లాడేది? ఏ సెక్షన్?"

"పెట్టెయ్యండి… అమ్మాయి ఆగిపోయింది."

"ఏ అమ్మాయండీ? కౌంటర్లోనా?"

"పెట్టెయ్యండి…"

ఫోన్ కట్టయింది. మర్యాద తెలియని మనిషి అని గొణుక్కుంటూ వెళ్ళి కేబుల్ మళ్ళీ దూర్చింది. దీపం కాసేపు పసుప్పచ్చగా ఉండి, పచ్చగా మారింది.

"…తియ్యి, తర్వాత మాట్లాడు అన్నాను!" అంది హాల్లో చిట్టి. "అంతే, వాడి మొహం చూడాలి."

సర్వరమ్మ చెయ్యి కేబుల్ మీదే ఉండిపోయింది.

"చిట్టీ, ఇందాక మధ్యలో ఎందుకాగావే?"

"నేనా? ఆగితే నేను చిట్టినెలా అవుతానక్కా!"

ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసి ఇంటికి పోయేవాళ్ళు. ఆమెకి అది చేతకాదు. ఒకసారి జరిగితే పొరపాటు, రెండోసారీ జరిగితేనే జబ్బు. ఇరవై రెండేళ్లుగా ఏ మెషీన్ దగ్గరైనా ఆమె చేసింది అదే. ఒళ్ళో బిడ్డలా పెంచిన చెల్లెలి విషయంలోనూ అదే చేసింది. ఆ పనికి తనని తాను క్షమించుకోలేకపోయింది.

గాజు గోడలోంచి హాల్లోకి చూస్తూ, చెయ్యి వెనక్కి పెట్టి, కేబుల్ లాగింది.

చిట్టి ఫ్లాస్కులోంచి కప్పులోకి టీ పోసుకుంటోంది. ఫ్లాస్కు అలాగే వంగి ఉంది. కప్పు నిండింది. పొంగింది. పొగలు కక్కుతున్న టీ చిట్టి వేళ్ళ మీదుగా, మణికట్టు మీదుగా బల్ల మీదకి కారుతోంది. చిట్టి కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు. ఛాతీ ఎగరడం లేదు.

"చిట్టీ!"

ఫోన్ మోగడం మొదలెట్టింది.

గబగబా కేబుల్ దూర్చబోయింది. దాని మూతికి, ఊడిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ నాలుక పుటుక్కున విరిగి కింద పడింది. దూర్చింది. జారిపోయింది. మళ్ళీ దూర్చింది. బొటనవేలితో అదిమి పట్టింది. దీపం లేదు… పసుపు… పసుపు… ఫోన్ మోగుతూనే ఉంది… పసుపు…

పచ్చ.

"అమ్మా!" అని చిట్టి కెవ్వున అరిచింది. ఫ్లాస్కు దొర్లి కింద పడింది. "చెయ్యి కాలిపోయిందక్కా! ఇంత ఎప్పుడు పోశాను నేను?"

బతికున్న మనిషి అరుపు అంత తియ్యగా ఉంటుందని సర్వరమ్మకి అప్పుడే తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా బొటనవేలు తియ్యలేదు.

"వెళ్ళి నీళ్ళ కింద పెట్టు చెయ్యి. పో, ముందు పో. లోపలికి రాకు."

రాక్ పక్కన వేలాడుతున్న టేపు రెండో చేత్తో అందుకుని, పంటితో తెంచి, కేబుల్‌ని మెషీన్‌కి పదిసార్లు చుట్టి అంటించింది. అప్పుడు వెళ్ళి ఫోన్ తీసింది.

"మళ్ళీ తీశారు" అంది గొంతు.

"తప్పయిపోయింది. ఇంకెప్పుడూ తియ్యను. ఎవరు మీరు?"

అవతల గాలి చప్పుడు ఒకటే. మెషీన్ల మధ్య బతికిన మనిషికి ఆ క్షణాన తోచిన ప్రశ్న ఒక్కటే. అడిగేసింది.

"మరి… నా మెషీన్ ఎక్కడుంది?"

గొంతు వినిపించింది. "మీ గదిలో లేదు."

ఫోన్ మూగబోయింది. మీటలు నొక్కి చూసింది. డయల్ చప్పుడు కూడా లేదు.

భయపడుతూ కూర్చుంటే రేపు తొమ్మిదింటికి కరెంటు పోతుంది. ఈ మెషీన్‌ని ఇంటికి తీసుకుపోవాలి, ఒక్క క్షణం కూడా ఆగనివ్వకుండా. కేబుల్ అవతలి కొస ఎక్కడికి వెళ్ళిందో చూద్దామని నేల పలక ఒకటి ఎత్తింది. సర్వర్ గదుల్లో నేల కింద తీగల కోసం ఖాళీ ఉంటుంది. టార్చి వేసింది. కేబుల్ రెండు గజాలు పాకి, దుమ్ములో ఆగిపోయింది. కొస దేనికీ తగిలించి లేదు. ఊరికే పడి ఉంది.

ఫోన్‌లో గొంతుని ఎలాగో భరించింది గానీ, అవతల ఏమీ లేకుండా వెలుగుతున్న ఆ పచ్చ దీపాన్ని చూడలేక కళ్ళు తిప్పుకుంది. ఆ కొసని ముట్టుకోవడానికి కూడా భయమేసి, చీరకొంగుతో పట్టుకుని పైకి లాగింది.

తర్వాత చేతులే పని చేశాయి. బ్యాటరీ పెట్టెని ట్రాలీ మీద పెట్టింది. రెండు పవర్ తీగల్లో ఒకటి గోడలోంచి తీసి బ్యాటరీకి పెట్టింది. మెషీన్ ఆగలేదు. రెండోది కూడా మార్చింది. ఆగలేదు. హాల్లో చిట్టి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. అది వింటూ, అది తెగకుండా ఉందో లేదో చూసుకుంటూ ఒక్కో పని చేసింది. బ్యాటరీ మీద నలభై నిమిషాలు అని చూపించింది. ఇంటికి కారులో అరగంట.

"ఏంటక్కా, ఆఫీసు సామాను ఎత్తుకుపోతున్నావా?" అని చిట్టి నవ్వింది. మణికట్టు ఎర్రగా పొంగి ఉంది.

"తుక్కేలే. ఆ వైపు పట్టుకో. మెల్లగా… ఆ కేబుల్ మాత్రం ముట్టుకోకు."

వెనక సీట్లో పెట్టారు. బెల్టులు కట్టింది, పసిపిల్లకి కట్టినట్టు. బయట సాయంత్రం వెలుతురు, మామూలు మనుషులు, సంచులు పట్టుకుని ఇళ్ళకి పోతున్నారు. కారు నడుపుతూ అద్దంలో పచ్చ దీపాన్ని చూస్తూనే ఉంది. పక్కన చిట్టి మాట్లాడుతూనే ఉంది. గండం గడిచిందనుకుంది.

పెద్ద కూడలిలో ఎర్ర లైటు పడింది. కారు ఆపింది.

ఎర్ర లైటు ఇంకా అలాగే ఉంది. కానీ చిట్టి ఒక్కసారిగా ఆమె భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. చిట్టి మొహమంతా కన్నీళ్ళు. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. ఎవరో అద్దం మీద కొడుతున్నారు. వెలుతురు ఇందాకటికన్నా తగ్గింది.

"అక్కా! అక్కా, ఏమైందే నీకు! ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాను! మూడుసార్లు పచ్చ లైటు పడింది. కళ్ళు తెరుచుకునే ఉన్నావు… ఊపిరి లేదక్కా నీకు!"

సర్వరమ్మ మెల్లగా కారుని పక్కకి తీసి ఆపింది.

ఎక్కడో ఒక గదిలో ఎవరో ఆమె కేబుల్ తీసి చూశారు. ఎవరిదో తెలియక తీసి ఉంటారు. లిస్టులో లేదని తీసి ఉంటారు. మళ్ళీ పెట్టారు. కానీ ఒకసారి తీసి ఊరుకోరు, ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? రెండోసారి తీస్తారు. తీసి, ఫోన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. మోగుతుందేమోనని చూస్తారు. మోగకపోతే…

తాళాలు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. వేళ్ళు గట్టిగా మూసింది.

"ఇటు కూర్చో, నువ్వు నడుపు. పది నిమిషాల్లో ఇంటికి చేరి ఆ పెట్టెని గోడకి పెట్టాలి. ముందు అది. ఏమైనా సరే ముందు అది. విన్నావా?"

"విన్నానక్కా. నిన్ను చూస్తే భయమేస్తోంది."

"ఇంకో మాట. నేను మళ్ళీ ఇందాకటిలా ఆగిపోయానంటే… ఏడవకు. డాక్టరు దగ్గరికి పరిగెత్తకు. వెంటనే ఫోన్ చెయ్యి. పెట్టెయ్యమని చెప్పు. మా అక్క నాకు కావాలని చెప్పు."

చిట్టి కళ్ళు తుడుచుకుని, కాలిన చేత్తోనే బ్యాగులోంచి ఫోన్ తీసింది.

"సరే. ఎవరికి చెయ్యాలక్కా?"

అక్క ఆమె వైపే చూస్తోంది. నోరు సగం తెరుచుకుని ఉంది, రెప్ప పడటం లేదు.

"అక్కా… ఎవరికి?"