ఓడమ్మ చివరి మాట

భోజనాల బెల్లు ఇంకా మోగుతూనే ఉంది. ఆరో తరగతిలో అప్పుడే యుద్ధం మొదలైపోయింది.

"కెప్టెన్ తిరిగొస్తాడు! కావాలంటే రాసిస్తా!" సైరన్ బెంచీ ఎక్కి మరీ అరిచాడు. వాడు గుసగుసగా చెప్పినా పక్క క్లాసు దాకా వినిపిస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

"రాడు," అంది గిలక్కాయ, డబ్బా మూత తీస్తూ.

గిలక్కాయ అంటే తెలుసుగా? కొంచెం కదిలిస్తే చాలు, గలగలలాడుతుంది. ఈ పిల్లకి ఆ కొంచెం కూడా అక్కర్లేదు. అందుకే వాళ్ల నాన్న ఆ పేరు పెట్టాడు. బళ్లో కూడా అదే ఖాయమైపోయింది.

గొడవంతా 'చుక్కల ఓడ' గురించి. అది శనివారం సాయంత్రాలు టీవీలో వచ్చే సీరియల్. అందులో ఒక అంతరిక్ష ఓడ ఉంది. ఆ ఓడ మాట్లాడుతుంది. కెప్టెన్ దారి తప్పితే దారి చెబుతుంది, తిండి మానేస్తే కోప్పడుతుంది. పిల్లలు దాన్ని ఓడమ్మ అంటారు. పోయిన వారం ఓడ ఇంజను ఆగిపోయింది. ఎవరో ఒకరు బయటికి వెళ్లి బాగుచేస్తే తప్ప మిగతావాళ్లు ఇల్లు చేరరు. కెప్టెన్ తానే వెళ్తానన్నాడు. తలుపు తెరుచుకుంది. సరిగ్గా అక్కడ ఆపేశారు! అలా ఆపేసినవాళ్లని ఏమనాలో నాకైతే తెలియడం లేదు. ఈ శనివారం ఆఖరి భాగం.

"రాడని నీకెవరు చెప్పారే?" అన్నాడు సైరన్.

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

అదీ నిజమే. సీరియల్ ఎక్కడో తీస్తారు. మాటలు మాత్రం ఈ ఊళ్లోని స్టూడియోలో ఒక రచయితగారి చేత తెలుగులో రాయించి మళ్లీ చెప్పిస్తారు. ఓడమ్మకి గొంతు ఇచ్చేది గిలక్కాయ వాళ్లమ్మే. గిలక్కాయకి పాలపళ్లు ఊడకముందు నుంచీ ఇస్తోంది.

"కోతలు కొయ్యకు. కథ మీ అమ్మ నీకు చెప్పదని నువ్వే అన్నావుగా!" అన్నాడు సైరన్. అందరూ నవ్వారు.

గిలక్కాయకి చురుక్కుమంది. అమ్మ చెప్పదు, అది నిజం. అలా చెప్పకూడదని స్టూడియోలో గట్టి కట్టడి. కానీ అమ్మ ఇంట్లో సాధన చేస్తుంది. గదిలో గొంతు మోగకుండా ఉండాలని అలమర తలుపు తీసి, దుప్పట్ల మధ్య తల దూర్చి మరీ చెప్పుకుంటుంది. నిన్న సాయంత్రం గిలక్కాయ గది బయట చెవి ఒగ్గి నిలబడింది. అంతా వినేసింది.

"చెప్పకు," అన్నాడు పక్కనున్న నిదానం. వాడు గిలక్కాయకి ప్రాణస్నేహితుడు. అన్నీ నెమ్మదిగా చేస్తాడు. నెమ్మదిగా తింటాడు, నెమ్మదిగా నవ్వుతాడు. "నీకు తెలిసినా చెప్పకు. ప్లీజ్."

కానీ సైరన్ ఇంకా పళ్లికిలిస్తూనే ఉన్నాడు. గిలక్కాయ లేచి నిలబడింది. అచ్చం అమ్మలా గొంతు మార్చింది.

"మీరు తిరిగి రారని తెలుసు, కెప్టెన్. అయినా తలుపు దగ్గర లైటు ఆర్పను."

సైరన్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. 'అద్గదీ!' అనుకుంది గిలక్కాయ. గర్వంగా పక్కకి చూసింది.

నిదానం రెండు చేతులూ చెవుల దాకా వచ్చి ఆగిపోయి ఉన్నాయి. అప్పటికే ఆలస్యమైపోయింది.

"చెప్పొద్దన్నానుగా," అన్నాడు మెల్లగా. "కెప్టెన్ ఎలా తిరిగొస్తాడా అని అక్కా నేనూ రోజుకొక కథ అల్లుకుంటున్నాం. నిన్న నా వంతు. ఇవాళ అక్క వంతు. ఇప్పుడు నేనెలా వినను?"

"సీరియలే కదా! దానికింత ఇదేంటి?" అంది గిలక్కాయ.

నిదానం తినకుండానే డబ్బా మూసేశాడు. గిలక్కాయకి కూడా ముద్ద దిగలేదు. ఎందుకో ఆలోచించడం ఇష్టం లేక గబగబా నీళ్లు తాగేసింది.

ఆ సాయంత్రం గిలక్కాయ లెక్కలు చేసుకుంటుంటే అమ్మ ఫోన్ మోగింది.

"చెప్పండి మేడమ్," అంది అమ్మ. స్టూడియో నుంచి డబ్బింగ్ డైరెక్టర్ మేడమ్. అమ్మ ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. "బయటికి పొక్కిందా? ఎవరో పిల్లాడి అన్నయ్య ఫోన్‌లో అందరికీ పంపాడా? అక్షరం పొల్లుపోకుండానా?"

గిలక్కాయ పెన్సిల్ ఆగిపోయింది. సైరన్‌కి కాలేజీ చదివే అన్నయ్య ఉన్నాడు.

"ఆ మాట నిన్ననే రచయితగారూ నేనూ కూర్చుని మార్చాం మేడమ్. మా ఇద్దరికీ మీకూ తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? లేదు మేడమ్, మా ఇంట్లోంచి పోయే ప్రశ్నే లేదు. నాదీ పూచీ. ఏంటీ, రచయితగారా? ఛఛ! ఆయన అలాంటి మనిషి కాదు."

తర్వాత అమ్మ చాలాసేపు వింటూ ఉండిపోయింది. చివరికి, "అలాగే మేడమ్. అయితే రేపు నేను రానక్కర్లేదన్నమాట," అని ఫోన్ పెట్టేసింది.

"ఏమైందమ్మా?" అంది గిలక్కాయ.

"రేపే ఆఖరి భాగం రికార్డింగు. మాట ఎక్కడ జారిందో తేలేదాకా రచయితగారినీ నన్నూ రావద్దన్నారు. ఓడమ్మ మాటలు ఇంకొకావిడ చెబుతుందట." అమ్మ అలమర వైపు చూసింది. "ఇన్నేళ్లు నేను మాట్లాడానే. వీడ్కోలు చెప్పేటప్పుడు మాత్రం నేను ఉండనట." అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పాలి. 'నేనేనమ్మా' అంటే చాలు. మధ్యాహ్నం అడక్కుండానే వాగిన నోరు ఇప్పుడు పెగల్లేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. అమ్మ మాత్రం 'నాదీ పూచీ' అంది. తనని ఒక్క మాట కూడా అడగకుండానే అనేసింది.

నాన్న పని నుంచి వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చొక్కా నిండా గ్రీజు. గుమ్మంలోనే ఆగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? మన గిలక్కాయకి జ్వరమా?"

గిలక్కాయ భోరుమంది. ఏడుస్తూనే వంటింట్లోకి పరిగెత్తింది.

"నేనే అమ్మా! నువ్వు అలమర దగ్గర చెప్పుకుంటుంటే చాటుగా విన్నా. క్లాసులో అందరి ముందూ చెప్పేశా. నీ గొంతుతో చెప్పేశా."

అమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"నువ్వా?" అంది అమ్మ.

"నన్ను తిట్టమ్మా."

"తిడితే నీకు తేలికైపోతుంది. మరి నాకు?" అంది అమ్మ. ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. "మేడమ్‌కి పూచీ పడ్డానే. పాపం ఆ రచయితగారు, పెద్దాయన! చెయ్యని తప్పుకి మాట పడ్డాడు."

గిలక్కాయ ముక్కు తుడుచుకుంది. "నేనొచ్చి చెబుతా. మేడమ్‌కీ, ఆయనకీ. రేపే చెబుతా."

అమ్మ కాసేపు కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత ఫోన్ తీసి, "మేడమ్, పొద్దున్నే ఒక్క పది నిమిషాలు టైమివ్వండి. రచయితగారిని కూడా పిలవండి," అంది.

స్టూడియో గిలక్కాయ అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు. గోడలకి గరుకు స్పాంజి, ఒక పెద్ద అద్దం, అద్దం వెనక చిన్న గది, అందులో ఒక మైకు. డైరెక్టర్ మేడమ్ జుట్టుముడిలో పెన్సిల్ గుచ్చుకుని ఉంది. రచయితగారు మఫ్లర్ చుట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నారు. ఎవరివైపూ చూడటం లేదు.

"నేనే చెప్పేశానండీ," అంది గిలక్కాయ.

"వినపడలేదు. గట్టిగా చెప్పు," అంది మేడమ్.

జీవితంలో మొదటిసారి ఎవరో గిలక్కాయని గట్టిగా మాట్లాడమన్నారు. గిలక్కాయ గొంతు సవరించుకుంది. గది బయట వినడం, సైరన్ నవ్వడం, తాను లేచి నిలబడటం, అన్నీ చెప్పింది. నిదానం వద్దన్నా వినలేదని కూడా చెప్పింది. తర్వాత మూల కుర్చీ దగ్గరికి వెళ్లింది.

"సారీ తాతయ్యా. నా వల్ల మీరు మాట పడ్డారు."

రచయితగారు మఫ్లర్ సర్దుకున్నారు. "మాట పడితే పడ్డానులే తల్లీ, దులిపేసుకుంటా. ఆ లైటు మాట కోసం ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నానో తెలుసా? ఇప్పుడది ఊరందరి నోట్లో నానిపోయింది. ఇక పనికిరాదు," అన్నారు. ఆయన నిజంగానే బాధపడ్డారు. దాచుకోలేదు.

మేడమ్ అమ్మ వైపు తిరిగింది. "నాకు కోపం పోలేదు. ఇకమీదట అలమరల్లో సాధన బంద్. ఏం చేసినా ఇక్కడే. కానీ ఓడమ్మని ఇంకొకరి గొంతులో వింటే పిల్లలు నన్ను బతకనివ్వరు. పద, లోపలికి పద. రచయితగారూ, కొత్త మాట కావాలి. తెర మీద ఓడ తలుపు మూసుకునేలోపు అయిపోవాలి."

"రాత్రంతా నిద్రపడితేగా! ఒకటి తట్టింది," అన్నారు ఆయన, కుర్చీ ముందుకి లాక్కుంటూ. "వినండి..."

"ఆగండి తాతయ్యా!"

అందరూ ఉలిక్కిపడి చూశారు. గిలక్కాయ అప్పటికే బ్యాగు తగిలించుకుంటోంది.

"నేను బయట కూర్చుంటా. ఆ తర్వాత చెప్పండి."

వరండాలో ఒక బల్ల ఉంది. గిలక్కాయ దాని మీద కూర్చుంది. తలుపు కొంచెం ఓరగా ఉండిపోయింది. లోపల రచయితగారు ఏదో చెబుతున్నారు. మేడమ్ "అబ్బా!" అంది. అమ్మ "బాగుందండీ, ఎంత బాగుందో!" అంటోంది. గిలక్కాయకి ప్రాణం లాగేసింది. ఏమిటది? అంత బాగుందా? ఒక్క అడుగు వేస్తే వినపడుతుంది.

గిలక్కాయ లేచింది. వెళ్లి తలుపు గట్టిగా మూసి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ రోజు బళ్లో నిదానం కిటికీ పక్క బెంచీలోకి మారిపోయి ఉన్నాడు. గిలక్కాయ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"సారీ. మీ అక్కకి కూడా తెలిసిపోయిందా?"

"నేను చెప్పలేదు," అన్నాడు నిదానం. "అక్క కథ మొదలుపెట్టినప్పుడల్లా లేచి మంచినీళ్లు తాగి వస్తున్నా."

"ఆ చివరి మాట మార్చేశారు. కొత్తది నాకూ తెలియదు. చెబుతుంటే బయటికి వచ్చేశా."

నిదానం నమ్మాలా వద్దా అన్నట్టు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. గిలక్కాయ తొందరపెట్టలేదు. పెట్టాలని మాత్రం చాలా అనిపించింది.

"అయితే శనివారం మా ఇంటికి రా," అన్నాడు చివరికి. "కెప్టెన్ రాడని తెలిసి ఒక్కడినే చూడాలంటే భయంగా ఉంది."

శనివారం సాయంత్రం నిదానం వాళ్ల ముందుగదిలో ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. నిదానం, వాళ్లక్క, గిలక్కాయ.

"మా వాడికేమైందో తెలీదు. రెండు రోజుల్నుంచి కుండలు కుండలు నీళ్లు తాగేస్తున్నాడు," అంది అక్క. గిలక్కాయ తల వంచుకుంది.

టీవీలో తలుపు తెరుచుకునే ఉంది. అవతలంతా చీకటి, చుక్కలు. కెప్టెన్ తన మనుషులు ఒక్కొక్కరి భుజం తట్టాడు.

అక్క గిలక్కాయ చెయ్యి పట్టుకుంది. "నీకు తెలిసే ఉంటుందిగా! వస్తాడా రాడా? చెప్పవే, నా వల్ల కావడం లేదు!"

"చూడక్కా," అంది గిలక్కాయ. "అటే చూడు."

కెప్టెన్ గడప దగ్గర ఆగాడు. "వెళ్తున్నాను, ఓడమ్మా," అన్నాడు.

ఓడమ్మ వెంటనే పలకలేదు. పలికినప్పుడు ఆ గొంతు చాలా మెత్తగా ఉంది.

"అలా అనకూడదు, కెప్టెన్. వెళ్లొస్తానని చెప్పండి."

కెప్టెన్ వెనక్కి తిరిగి చూశాడు. తాను రానని అతనికి తెలుసు. ఓడమ్మకీ తెలుసు.

"వెళ్లొస్తాను," అన్నాడు కెప్టెన్.

తలుపు మూసుకుంది. ఇంజను కదిలింది.

అక్క వెక్కివెక్కి ఏడ్చింది. గిలక్కాయకీ కన్నీళ్లు ఆగలేదు. అమ్మ గొంతు అని తెలుసు, పక్కగదిలో రోజూ వినే గొంతే అని తెలుసు. అయినా ఆగలేదు.

టీవీలో పేర్లు పడుతున్నాయి. గిలక్కాయ నోటి నిండా మాటలు వచ్చి నిలబడ్డాయి. ఎలా ఉంది? బాగుందా? మా అమ్మ ఎలా చెప్పిందో చూశావా? అన్నీ ఒక్కసారే అడిగేద్దామని నిదానం వైపు తిరిగింది.

నిదానం రెండు మోకాళ్లూ కావలించుకుని ఇంకా టీవీ వైపే చూస్తున్నాడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. వాడికింకా అయిపోలేదు.

గిలక్కాయ మాటలన్నీ మింగేసింది. కొంచెం జరిగి వాడి పక్కనే కూర్చుంది, వాడికి అయ్యేదాకా.